పెద్దమ్మ చదివిన చీటీ

మా పెద్దమ్మ పోయింది. కోడూరు నుంచి పాస్టరుగారు ఫోన్ చేసి, "పెద్దమ్మగారిని ప్రభువు పిలుచుకున్నారమ్మా. సాయంత్రం సమాధి చేస్తాం, వచ్చెయ్యండి" అన్నారు. నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది, మా ఇద్దరి మధ్య తేలాల్సింది తేలకుండానే వెళ్లిపోయిందని. నిజానికి తేల్చనిది ఆవిడ కాదు, నేనే.

పోయినవాళ్ల గురించి మంచి చెప్పాలి కదా, చెబుతాను. మా అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు. పెద్దమ్మకు భర్త లేడు, పిల్లలు లేరు. దివిసీమలో, ఆ కోడూరులోనే, ఓ చిన్న బడిలో టీచరు. నన్ను తీసుకెళ్లి పెంచింది. టైఫాయిడ్ వచ్చినప్పుడు నా మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. ఆవిడ పెట్టిన అన్నం తినే ఇంతదాన్నయ్యాను. దానికి ఈ రోజుకీ దణ్ణం పెడతాను.

ఏ పనైనా ప్రభువుని అడిగి చేయడం ఆవిడ అలవాటు. కొంగు తల మీదికి లాక్కుని, "ప్రభువా, ఈ పూట వంకాయ వండనా, దోసకాయ వండనా" అని కళ్లు మూసుకునేది. తెరిచేసరికి ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయేది.

"వంకాయే అన్నాడా?" అని ఏడిపించేదాన్ని.

"నవ్వకే అమ్మాయ్. నీ ఇష్టాన్ని ఆయన కాళ్ల దగ్గర పెట్టి చూడు, ఎంత తేలికవుతావో."

తొంభైల మొదట్లో, ఇంటర్ అయ్యాక, నాకు బందరులో నర్సు ట్రైనింగుకి సీటు వచ్చింది. ఎగిరి గంతేశాను. మా సంఘంలో పెద్ద నిర్ణయాలన్నీ శుక్రవారం ఉపవాస కూటంలో తేలేవి. వెళ్లమని ఒకటి, వద్దని ఒకటి, రెండు చీటీలు రాసి బైబిల్లో పెట్టేవారు. ప్రార్థన అయ్యాక ఇంటి పెద్ద ఒకటి తీసి చదివేవారు. నా చీటీ పెద్దమ్మ తీసింది. చూసి, కొంగు తల మీదికి ఇంకాస్త లాక్కుంది. "వద్దనే వచ్చిందండీ" అని చీటీ మడిచి జాకెట్టులో దోపుకుంది. చూపించమని ఎవరూ అడగలేదు. దేవుడి మాటని తనిఖీ చేసేదెవరు? నేనూ అడగకుండా సీటు వదులుకున్నాను.

మూడేళ్లకు నాకు చిలకలపూడి సంబంధం కుదిర్చింది. అప్పటినుంచి రోల్డుగోల్డు కమ్మలకు రాళ్లు అతుకుతున్నాను.

పదిహేనేళ్ల తర్వాత ఒక ఆదివారం కోడూరు వెళ్లాను. ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయంలో పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది.

"ఆనాడు మా అమ్మాయికి తీసిన చీటీలో వెళ్లమనే ఉందండీ. వద్దని చదివింది నేను. ఇది వెళ్లిపోతే ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఎలా ఉండాలని భయమేసింది. నా ఇష్టానికి దేవుడి పేరు పెట్టాను."

చాప మీద ఆడవాళ్లందరూ "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. నా బతుకు పాడైన సంగతికి స్తోత్రం చెప్పారు.

ఇంటికొచ్చాక అడిగాను. "నాతో విడిగా చెప్పొచ్చుగా పెద్దమ్మా?"

"విడిగా చెబితే నన్ను క్షమించమని అడిగేదాన్నే. అడిగితే కాదనలేవు. అదీ నీ మెడ మీద కూర్చోవడమే. ఒకసారి కూర్చున్నది చాలు."

"ఇప్పుడు క్షమించకపోతే?"

"మానెయ్. నేను మంచిదాన్ననిపించుకోవాలన్న ఇష్టం ఒక్కటే మిగిలింది నాకు. అదీ ఇవాళ ఆయనకి ఇచ్చేశాను."

ఆ తర్వాత పెద్దమ్మ మనిషే మారిపోయిందని పాస్టరుగారు చెప్పేవారు. ఎవరినీ చీటీలు తియ్యనివ్వడం లేదట. పిల్లల్ని పోగేసుకుని నవ్వుతోందట. అలాగే ఉండి ఉంటుంది. ఆవిడకి విడుదల దొరికింది, ఖరీదు మాత్రం నాది. ఒంట్లో బాగాలేదని రెండుసార్లు కబురొచ్చినా నేను వెళ్లలేదు. ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు, అంతే.

సమాధి దగ్గర పాస్టరుగారు, "కూతురులాంటివారు, రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు.

"మా పెద్దమ్మ నాకు అన్యాయం చేసింది. ఆ మాట తనే నలుగురిలో నిలబడి చెప్పింది. అలా చెప్పినవాళ్లని నేను ఇంకెవరినీ చూడలేదు" అన్నాను. క్షమించాననే మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

ఒక్కొక్కరూ వచ్చి పిడికెడు మన్ను వేశారు. నేనూ వంగి తీసుకున్నాను. మా దివిసీమ నల్లమట్టి, తడిగా ఉంది. అందరూ వేసి చేతులు కడుక్కుంటున్నారు. గొయ్యి పూడ్చడం కూడా అయిపోయింది. నేను పిడికిలి బిగించి అలాగే నిలబడ్డాను.

బందరు బస్సులో కండక్టరు టిక్కెట్టు చింపి ఇచ్చాడు. ఎడం చెయ్యి చాపితే ఎగాదిగా చూశాడు. కుడిచేతి పిడికిలి విప్పితే మట్టి రాలిపోతుంది.