జనార్దన్ కోసం తెచ్చిన తాళం

మా పెద్దమ్మ కూతురు మల్లికక్క ఎవరినీ ఊరికే నమ్మే రకం కాదు. ప్రొద్దుటూరు మార్కెట్లో బెండకాయ కొస తుంచి చూడనిదే సంచిలో వేయదు. అలాంటి మనిషి సొంత అన్నను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాళ్ళది రాజుపాలెం దగ్గర గొర్రెల మంద ఉన్న ఇల్లు. పెద్దవాడు నారాయణన్న, తర్వాత మల్లికక్క, చివరివాడు జనార్దన్. జనార్దన్‌కు ముప్పై దాటాయి గానీ బుద్ధి చిన్నపిల్లవాడిది. మాట నిదానం, నవ్వు మాత్రం తొందర. మా పెద్దమ్మ వాణ్ణి ఏనాడూ ఇంట్లో మూల కూర్చోబెట్టలేదు. పొద్దున్నే సద్ది కట్టి మంద వెంట పంపేది. మందలో కొన్ని గొర్రెలకు ఎడమ చెవి కొసన చిన్న కోత ఉండేది. అవి జనార్దన్‌వి. వాడు లేకపోయినా మంద కదులుతుంది, కానీ వాడు లేకుండా కదలనిచ్చేది కాదు మా పెద్దమ్మ.

మొగుడు పోయాక మల్లికక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. పోయిన కార్తీకంలో పెద్దమ్మ పోతే పడుతూ లేస్తూ వచ్చింది. పెద్దదినం నాడు నారాయణన్న తమ్ముడి చెయ్యి పట్టుకుని, అమ్మ ఫోటో ముందర నిలబడి, అందరూ వినేటట్లు చెప్పాడు.

"నువ్వు నిమ్మళంగా పో మల్లికా. వీడు నా కాడ ఉంటాడు. వీని గొర్రెలు వీనివే."

అక్క ఆ మాట కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాక ఆమె పనిచేసే సేటు కుటుంబం చల్లదనానికి ఇంగ్లండు పోతూ, వాళ్ళ ముసలమ్మను చూసుకోవడానికి అక్కను కూడా తీసుకెళ్ళింది. ముసలమ్మ కాలికి కట్టు మార్చే నర్సు ఒక ఆదివారం అక్కను తన వెంట దగ్గర్లోని పల్లెకు తీసుకుపోయింది. అక్కడ క్రైస్తవ భక్తులు కొందరు, జనార్దన్‌ లాంటి బుద్ధి ఎదగనివాళ్ళతో కలిసి ఒకే ఇంట్లో బతుకుతారట. ఆ సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసింది. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

"మే, ఈడ ఎవరు ఎవర్ని చూసుకుంటాండారో కొంచేపు నాకు తెలీనే తెలీలే. అంతా ఒకే బల్ల కాడ తింటారు. మన జనార్దన్ వయసోడు ఒకడు గొర్రెల్ని మేపుతాండాడు మే! వాని మెడలో తాళంచెవి ఉంది. ఏందిరా అంటే వాని గదిదంట. వాడు ఊ అంటేనే ఎవరైనా లోపలికి పోవాల."

"ప్రార్థన చేసినారా?" అన్నాను.

"తినే ముందర దీపం పెట్టి, తలా ఒక పేరు చెప్పినారు. నన్నూ చెప్పమన్నారు. జనార్దన్ అన్నా. బల్ల చుట్టూ ఉన్నోళ్ళంతా ఆ పేరు పలికినారు మే. నోరు తిరక్కపోయినా పలికినారు."

మరుసటి రోజే వాడికోసం ఒక చిన్న తాళం, దాని చెవిని మెడలో వేసుకునే తాడుతో సహా కొంది. వెనక వసారా మూసి వాడికొక గది కట్టించాలని అప్పుడే తీర్మానించుకుంది. ఆ దేశం గొర్రెలను వాడికి చూపించాలని రోజూ ఇంటికి ఫోన్. నారాయణన్న మాత్రం "మందతో అడవికి పోయినాడు, ఆడ సిగ్నల్ లేదు" అని దాటేసేవాడు. అక్క విసుగెత్తి గొడవ పెట్టుకున్నాక, శ్రావణంలో ఒకరోజు వీడియోలో చూపించాడు. జనార్దన్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నున్నటి గుండు. అక్క గొర్రెలను చూపించినా నవ్వలేదు.

"ఆ గుండు ఏందిన్నా?" అంది అక్క.

"శనివారం గండికి పోయి ఆంజనేయస్వామికి మొక్కు తీర్చినాములే" అన్నాడు నారాయణన్న.

అక్కడే దొరికిపోయాడు. తల్లి పోయి ఏడాది తిరగందే మా ఇళ్ళలో ఎవరూ గుడి గడప తొక్కరు, మొక్కులు తీర్చరు. అమ్మ చావును మరిచినవాడే ఆ అబద్ధం ఆడగలడు. అక్క ఫోన్ పెట్టేసి నాకు చేసింది.

"నువ్వు ఊరికి పోయి చూడు మే. నాకు భయమైతాంది."

వెళ్ళాను. నారాయణన్న పెళ్ళాం సుమ, జనార్దన్ మంద వెంట పోయాడని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పటికి మంద మొత్తం ఆమె వెనకే దొడ్లో నెమరు వేస్తోంది! ఎడమ చెవి కోత ఉన్న గొర్రె ఒక్కటీ లేదు. గట్టిగా అడిగితే, పులివెందుల దారిలో దిక్కులేనివాళ్ళ ఆశ్రమం ఉందని, ఉగాది అయిన వారానికే వదిలేసి వచ్చామని ఒప్పుకుంది. కంచే చేను మేసిందంటే ఇదే కదా!

సేటును బతిమాలి అక్క వచ్చేసింది. వాకిట్లో నిలబడే అన్నను అడిగింది. ఆయనేమీ తలదించుకోలేదు.

"నీకేమమ్మా, ఫోన్లో ముద్దులు పెడతావు. వాని గుడ్డలు ఉతికేది నా పెండ్లాం. అమ్మకు చేతనయ్యింది, మాకు కాలే."

"కాకపోతే నాకు చెప్పొచ్చు కదన్నా" అంది అక్క. "నేను వచ్చి తీసకపోతాంటి కదా. నన్నెందుకు నమ్మించినావు?"

సుమ ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఇద్దరం ప్రొద్దుటూరు వచ్చి పులివెందుల బస్సెక్కాం. ఎర్రగుంట్ల మీదుగా దారి పొడుగునా అక్క ఒళ్ళో తాళం పట్టుకుని కూర్చుంది.

ఆశ్రమం నడిపే పెద్దాయన మంచివాడే. ఉన్నదాంట్లోనే అందరికీ వేడిగా అన్నం పెడుతున్నాడు. పేలు పట్టకుండా గుండ్లు చేయిస్తాడట. జనార్దన్ పేరు చెప్పగానే ముఖం వెలిగింది.

"నారాయణ అని ఒక పుణ్యాత్ముడు తెచ్చినాడమ్మా. ఎర్రగుంట్ల స్టేషన్లో దిక్కులేక తిరుగుతాంటే జాలిపడినాడంట. అప్పుడప్పుడూ వచ్చి పండ్లు కూడా ఇచ్చిపోతాడు."

పుణ్యాత్ముడు! నా నోటిదాకా వచ్చిన బూతును అక్క చెయ్యి నొక్కి ఆపింది.

హాల్లో అందరూ వరుసగా కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే జనార్దన్ లేచాడు. అక్కను గుర్తుపట్టాడు. కళ్ళు నవ్వాయి. అయినా పరిగెత్తి రాలేదు. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి, గొంతెత్తి చెప్పాడు.

"నమస్కారం. నా పేరు జనార్దన్. నాకు అమ్మ లేదు. అన్న లేడు. అక్క లేదు. నాకు ఎవరూ లేరు."

అక్క రెండు చేతులతో వాడి ముఖం పట్టుకుంది. "నేనురా, మల్లికక్కను. అట్లెందుకు అంటాండావు నాయనా?"

వాడు అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"అన్న చెప్పమన్నాడు. అట్ల చెప్తే నువ్వు తొందరగా వస్తావన్నాడు. నేను రోజూ చెప్పినా అక్కా. తప్పు లేకుండా చెప్పినా."