ఇంట్లో లారీ నడిపిన సైదులు

ఎవరెవరి గురించో అడుగుతారు. మిల్లు సేటు ఎట్లా సంపాదించాడు, సర్పంచ్ చెల్లెలు ఎవరితో పోయింది, అన్నీ కావాలి మీకు. నేరేడుచర్లలో సైదులు అని ఒకడుండేవాడు, వాడి సంగతేమిటని ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా? అడగరు. అడిగితే అతన్ని చూసి మీ నాయనలు నవ్విన సంగతి కూడా బయటికొస్తుంది కదా. వినండి.

సైదులు వాళ్లది గొర్లు కాసే ఇల్లు. గొర్ల వెంట నడవడం నచ్చక లారీ ఎక్కాడు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం ఎత్తుకుని ఘాట్ రోడ్లన్నీ తిరిగాడు. కోదాడలో లారీ బాడీలు కట్టించే ఓనర్లను చూస్తే అతనికి ఒళ్లు మండేది. "బాడీ గింత పొడుగు కట్టిస్తున్నవ్, దాన్ని గుంజే ఇంజన్ ఏదయ్యా? ఘాట్ మీద నువ్వొచ్చి నూకుతవా?" అని మొహం మీదే అడిగేవాడు.

షుగరొచ్చి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆ నెలలోనే ఓనరు ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నాడు. పరామర్శకొచ్చిన పెద్దమనుషులు అరటిపళ్లు చేతిలో పెట్టి, లేని కాలు వైపు చూసి పోయారు.

రెండువేల పన్నెండులో కొడుకు శ్రీనాథ్ పెట్టిన ఇంటర్నెట్ సెంటర్ మూతపడి, ఒక పాత కంప్యూటర్ ఇల్లు చేరింది. అందులో లారీ ఆట ఉంది. మీటలు నొక్కితే చాలు, కాలుతో పని లేదు. దాని ముందు కూర్చున్నాక సైదులు మూలగడం మానేశాడు. కానీ ఘాట్ దగ్గరికి రాగానే బొమ్మ ఆగి ఆగి కదిలేది. తిప్పే మీట నొక్కిన కాసేపటికి గానీ లారీ తిరిగేది కాదు. అప్పటికే లోయలో ఉండేది. ఒక్కసారీ పైకి చేరలేదు.

"బొమ్మలు చూపెట్టే కార్డు కొత్తది ఎయ్యాలె నాయినా. ఇప్పుడున్నది ఆటకు సరిపోదు" అన్నాడు శ్రీనాథ్.

"ఆట అనకు. బండి అను."

సైదులు అటక మీద దాచుకున్న టార్పాలిన్, మోకులు, జాకీ అమ్మేశాడు. ఇంక అమ్మడానికేమీ లేదు. కొనేది ఒక్క కార్డే, అది తప్పితే అంతే.

"ఇగ లారీ ఎక్కనని ఒప్పుకున్నట్టేనా?" అని భార్య సాయమ్మ అడిగింది.

"ఎక్కెతందుకే అమ్మిన."

మిర్యాలగూడలో భాస్కర్ కంప్యూటర్ షాపుకు చంకలో కర్రతో పోయాడు. అక్కడ పనిలేని మగాళ్లు బల్లకు ఆనుకుని ఉన్నారు.

"బొమ్మలు జల్ది కదిలే కార్డు కావాలె తమ్మీ."

"ఎవరికి కాకా?"

"కాకా గేములాడతడేమో, జర అడుగు" అని ఒకడన్నాడు. మిగతావాళ్లు నవ్వారు.

ఓనర్ల మొహం మీద మాట్లాడిన సైదులు అక్కడ తల దించేశాడు. "మా మనవడికి. సదువుకు" అన్నాడు. శ్రీనాథ్‌కి అప్పటికి పెళ్లే కాలేదు.

"సదువుకైతే ఇదే తీస్కో. రెండు జీబీ. పక్కదానికి ఒక్కటే" అని భాస్కర్ రంగుల డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. ఒకటి కన్నా రెండు ఎక్కువే కదా. కొనేశాడు.

శ్రీనాథ్ దాన్ని బిగించాడు. లారీ అదే మలుపులో ఆగి, అదే లోయలో పడింది.

"దుకాణపోడు ఏమడిగిండు, నువ్వేం జెప్పినవ్?" అంది సాయమ్మ. చెప్పాడు. ఆమె చాట కింద పెట్టింది. "లేని మనవణ్ణి సదివిచ్చుకొచ్చినవ్. కాలు తీసిండ్రు గని నోరు తియ్యలే గద. పో, నీకేనని జెప్పు."

మర్నాడు షేర్ ఆటో ఎక్కి మళ్లీ షాపుకు పోయాడు. బల్లకు ఆనుకున్నవాళ్లు ఆనుకునే ఉన్నారు. డబ్బా బల్ల మీద పెట్టాడు.

"ఇది నాకే తమ్మీ. మనవడు లేడు. లారీ నడుపుత. ఘాట్ ఎక్కుతలేదు."

నిన్నటివాడే మళ్లీ నవ్వాడు. సైదులు అతని వైపు తిరిగాడు. "నీకు రెండు కాళ్లున్నయి. అయినా నిన్నటిసంది గీ బల్ల కాడనే ఉన్నవ్. నవ్వు."

భాస్కర్ తల గోక్కున్నాడు. "ముందే చెప్పొద్దా కాకా? దీంట్ల జాగ ఎక్కువ, గుంజే తాకత్ లేదు."

సైదులు ఆ డబ్బాను చేత్తో తిప్పి చూశాడు. "బాడీ పొడుగు, ఇంజన్ చిన్నది" అన్నాడు. "గిదే మాటకు ఎంతమంది ఓనర్లను తిట్టిన."

"డబ్బా విప్పినంక పైసలు వాపసియ్య. సెకండ్ హ్యాండ్‌ది ఒకటున్నది. ఒక్క జీబీయే గని గట్టిది. నీ కంప్యూటర్ కరెంటుకు సరిపోతది, ఇంతకంటె పెద్దదేస్తే మాడిపోతది. ఫ్యానే జర మోత. మార్చుకుంటవా?"

"పెట్టి ఇనిపియ్యి."

భాస్కర్ షాపులో కంప్యూటర్‌కి దాన్ని బిగించాడు. ఫ్యాన్ గర్రుమంది. సైదులు కర్ర మీద వంగి, బానెట్ దగ్గర విన్నట్టే చెవి పెట్టి విన్నాడు.

"ఇంజన్ మంచిగున్నది. ఇయ్యి."

ఆ సాయంత్రం లారీ ఘాట్ ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. పొయ్యి దగ్గర నుంచి సాయమ్మ, "గీ మోతతోని లారీని ఇంట్లకే తెచ్చినవ్. హారనొక్కటే తక్కువ" అంది. సైదులు హారన్ కొట్టాడు.

ఆ తర్వాత రోజూ జొన్న గటక తాగి, తలకు తువ్వాల చుట్టి బండెక్కేవాడు. పరామర్శకని ఎవరొచ్చినా లోడు దించేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే. నవ్విన మీ నాయనలూ నిలబడ్డారు. రెండువేల పధ్నాలుగు ఎండాకాలంలో షుగర్ మళ్లీ తిరగబెట్టింది. పోయేనాటికి సైదులుకు యాభై ఎనిమిదేళ్లు.