మేనత్త కాలిగోరు

లోసాలిన్ పిన్నికి కోపం వస్తే పెరట్లో పందులు కూడా కంచె అవతలికి పోయి నిలబడతాయని మా దీవిలో అంటారు. ఆ ఏడు ఆ పందులు కంచె ఇవతల మేసిందే తక్కువ.

పిన్ని అంటే నాకు రక్తసంబంధం కాదు. పక్కపక్క ఇళ్ళు. మొగలి ఆకులు చీల్చడం, ఉడకబెట్టడం, సముద్రపు నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టడం, చాప అల్లడం, అన్నీ ఆమె చేతి కింద నేర్చుకున్నాను. నా మొదటి చాప వంకర పోతే ఎవరూ చూడకముందే విప్పేసి, తెల్లారేసరికి తనే సగం అల్లి నా గుమ్మంలో పెట్టింది. పెట్టి, "చేతులా అవి, పీత కాళ్ళా!" అని తిట్టిపోయింది. ఆమె మేలు ఎప్పుడూ తిట్టు వెనకాలే నడిచేది.

ఆ ఏడు మాత్రం తిట్టు ఒక్కటే మిగిలింది. కోపమంతా కుడికాలి బొటనవేలి గోరు మీద.

పిన్ని భారీ మనిషి. ఒంట్లో చక్కెర జబ్బు. కూర్చుంటే పొట్ట అడ్డం, వంగితే ఊపిరి అడ్డం, కాలు పైకి లాక్కుందామంటే మోకాలు మొండికేస్తుంది. గోరేమో సరుగుడు బెరడులా దళసరెక్కి, ఒక పక్కగా వంగి కండలోకి దిగుతోంది. ఆమె భర్తకీ కుడికాలికే, ఇలాగే ఒక గోరుతో మొదలైంది. ముందు వేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి దాకా. ప్రతిసారీ కట్లు మార్చింది పిన్నే. చివరికి మనిషే పోయాడు. అందుకని ఆ గోరు చూసినప్పుడల్లా పిన్నికి ఏం కనిపించేదో మాకు తెలుసు. ఆమె మాత్రం భయం అన్న మాట ఎప్పుడూ అనలేదు. అరిచేది.

ఇంట్లో తోడు తమ్ముడి కూతురు ఫిపే. బంగారంలాంటి పిల్ల. పెండలం నాటే రోజుల్లో ఒకసారి ఆ పిల్లే గోరు తీయబోయి కండ కోసేసింది. ఆ గాయం పెండలం తీగలు కర్రలెక్కేదాకా మానలేదు. ఊరికి వచ్చే నర్సమ్మ కట్టు విప్పి చూసి మెల్లగా చెప్పింది: "ఇంకోసారి ఇలా తెగితే నా చేతిలో ఏమీ ఉండదమ్మా, పెద్దాసుపత్రికి పంపాల్సిందే. అలాగని వదిలేసినా గోరు లోపలికే పోతుంది. నానబెట్టి, అడ్డంగా, కొంచెం కొంచెం తీయాలి."

ఆ రోజు నుంచి పిన్ని తన పాదాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"అత్తయ్యా, ఈసారి జాగ్రత్తగా తీస్తాను. కాలు ఇటు పెట్టండి," అని ఫిపే బతిమాలేది.

"పోయినసారీ జాగ్రత్తగానే తీశావు! పంది గిట్ట చెక్కినట్టు చెక్కావు. తియ్ చెయ్యి!"

"మరి ఎవరు తీస్తారండీ?"

"నా గోరు నేనే తీసుకుంటా."

"అందదు కదా."

"అందకుండా చేసిన దేవుడికీ నాకూ మధ్య గొడవ అది. నీకెందుకు?" అనేసి, వెంటనే ఆకాశం వైపు చూసి, "ప్రభువా, నిన్ను కాదు, ఈ పొట్టనన్నాను," అని సర్దుకునేది.

చర్చి సంఘంలో ఒకావిడ, వాళ్ళ బంధువుల చేత ఆక్లండ్ నుంచి పొడుగు చేతుల కత్తెర ఒకటి తెప్పించి ప్రేమగా ఇచ్చింది. మొదటి నొక్కుకే దాని దవడ విరిగి ఎగిరి పిన్ని టీ కప్పులో పడింది. "పింగాణీ బొమ్మలకి చేశార్రా దీన్ని!" అని పిన్ని మిగిలిన ముక్క పొయ్యిలో పారేసింది. రెండు రోజులు వంటంతా ప్లాస్టిక్కు వాసన.

ఇక పాదాలు దాచుకోవడం మొదలుపెట్టింది. చనిపోయిన భర్త రబ్బరు బూట్లు తీసి తొడుక్కుంది. ఎడమ బూటు అరిగి మడమ తేలిపోయింది. కుడిది కొత్తది కొత్తగానే ఉంది. గుడికి ఆ బూట్లతోనే వచ్చేది. గుడి పక్క హాల్లోకి మాత్రం రాదు. అక్కడ చాపలు పరిచి ఉంటాయి, చెప్పులు గుమ్మంలో విడవాలి. చాపలు అల్లేదీ అక్కడే, ఆదివారం కలిసి తినేదీ అక్కడే. ఊళ్ళో అందరికన్నా నాజూకైన అల్లిక తెలిసిన మనిషి లేకుండా మేం అల్లుతూ కూర్చున్నాం.

ఒకరోజు అల్లుతుండగా ఒకావిడ, "ఆ గోళ్ళతో చేమదుంపలు తవ్వుకోవచ్చట," అంది. అందరూ నవ్వారు. నేను గొంతెత్తే మనిషిని కాను. కానీ ఆ నవ్వు విన్నాక చేతిలో మొగలిరేకులు కింద పెట్టేశాను. "ఆ చేతులే మనందరి పెళ్ళిచాపలు అల్లాయి. కాళ్ళని చూసి నవ్వండి, బాగుంది!" అని, నా చాప చుట్టుకుని లేచి వచ్చేశాను. దారంతా ఏడుపో కోపమో తెలియలేదు. ఇంటికొచ్చి మోకరించాను గానీ, ప్రార్థనలో కూడా వాళ్ళ మీద ఫిర్యాదే వచ్చింది. ఆ మాట ఎవరో పిన్నికి చేరవేశారు కూడా.

ఇదిలా ఉండగా ఫిపే ఒక పొరపాటు చేసింది. అన్నం దగ్గర, బాధ ఆపుకోలేక, వాళ్ళ నాన్నకి చెప్పేసింది.

వాళ్ళ నాన్న మనాసె పడవలు చేసే వడ్రంగి. పిన్నికి సొంత తమ్ముడు. ఆయన ఇల్లు మందార కంచెకి అవతలే. కానీ మాలో అక్కాతమ్ముళ్ళు పసితనం దాటగానే వేరైపోతారు. మగపిల్లలు వేరే పాకలో పడుకుంటారు. ఒకే గదిలో కూర్చోరు. అక్క ఎదురైతే తమ్ముడు తల వంచుకుంటాడు. ఒకరి ఒంటి గురించిన మాట రెండోవాళ్ళ చెవిన పడనే కూడదు. మేనత్త అంటే మరీను. పంటలో మొదటి దుంప ఆమెకి, పెళ్ళిలో మొదటి చాప ఆమెకి. అలాంటి అక్క కాలిగోరు సంగతి విన్న మనాసె, చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, లేచి పడవల పాకలోకి వెళ్ళిపోయాడట.

ఆ సంగతి తెలిసిన పొద్దున పిన్ని అరిచిన అరుపుకి నేను చీపురు పారేసి పరిగెత్తాను.

"నా గోరు! మీ నాన్నతో! అన్నం దగ్గర! వాడి మొహం ఎలా చూడనే నేను?"

"ఎలాగూ చూడరు కదా అత్తయ్యా," అంది ఫిపే ఏడుస్తూనే.

"నోరు ముయ్యి! ఇంకేం చెప్పావు? నా నడుము చుట్టుకొలత చెప్పావా? నేను గురక పెడతానని చెప్పావా?"

"గురక కంచె అవతలికే వినిపిస్తుందండీ."

పిన్ని చేతికందిన సీమపనసకాయ విసిరింది. అది ఫిపేకి తగల్లేదు. పిన్ని విసిరినవేవీ ఎవరికీ తగలవు.

కొన్నాళ్ళకి పెండలం తవ్వారు. మొదటి దుంపలు ఎప్పటిలాగే మేనత్త ఇంటికి బుట్టలో వచ్చాయి. పిన్నితో కలిసి రేకులు చీల్చుకుంటూ నేను అక్కడే ఉన్నాను. ఫిపే బుట్ట దించి రెండడుగులు వెనక్కి జరిగింది. దుంపల కింద అరిటాకు. ఆకు కింద ఏదో.

ముందు ఏటవాలు పీట ఒకటి బయటపడింది. మడమ ఆనించడానికి గుంట తొలిచి ఉంది. తర్వాత పొడుగాటి కడ్డీ. దాని కింది చివర బలమైన గోళ్ళ పటకారు బిగించి ఉంది. పై చివర సరుగుడు పిడి, పిడికి సైకిలు బ్రేకు. బ్రేకు నొక్కితే తీగ లాగి, కింద పటకారు మూసుకుంటుంది. పక్కనే వెదురు కర్రకి గరుకు కాగితం అంటించిన ఆకురాయి. చెక్క ముక్కల్ని ఎంత నున్నగా చెక్కాడంటే, చంటిపిల్ల చేతికిచ్చినా గీరుకోదు.

"ఇవెవరు పెట్టారే దుంపల్లో?"

ఫిపే నేల చూసింది. "దుంపలు నాన్న సర్దాడండీ."

"దుంపల సంగతి అడగలేదు!"

పిన్ని మొహం కందగడ్డలా అయింది. తోసేస్తుందనుకున్నాను. తోయలేదు. మెట్టు మీద కూర్చుని, బూటు విప్పి, పాదం పీట మీద పెట్టింది. మడమ గుంటలో అతికినట్టు కూర్చుంది. పటకారు దవడ వెడల్పు గోటికి సరిగ్గా ఉంది. కానీ పిడి పట్టుకుని కిందికి వంచితే పటకారు గోటికి అందలేదు. జానెడు తక్కువ. పిన్ని పొట్ట నొక్కుకుని వంగింది. ఊపిరి అందక కళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకొంచెం వంగింది. అందలేదు.

కడ్డీ గాల్లో లేచి పెరట్లో పడింది. పందులు కంచె దాటాయి.

"ఎవరి కొలతే ఇది? పిడికెడు నడుంతో చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే పిల్లకి చేశాడు! ఆ పిల్ల ఎక్కడుంది? ఎప్పుడో పోయింది! నేనింత అయ్యానని వాడికి తెలియదా? తలెత్తి ఒక్కసారి చూస్తే ఆకాశం ఊడిపడేదా!"

అన్న మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అలాంటి మాట మాలో అక్క అనకూడదు.

ఆమె అన్నది నిజమే. మనాసె తల వంచుకోవడం మొదలుపెట్టిన నాటికి పిన్ని ఆ చెట్టెక్కే పిల్లే. అప్పటినుంచి ఆయన ఎరిగినవి అక్క పాదాలు మాత్రమే. వాటిని మాత్రం ఎంత బాగా ఎరుగునో పీట చెప్తోంది. మిగతా మనిషి ఆయన మనసులో పెరగనే లేదు.

పిన్ని పీటలోని గుంట వైపు చూసింది. తర్వాత నా ఒడిలోంచి పొడుగాటి మొగలిరేకు ఒకటి లాగి, "పట్టుకో అమ్మాయ్," అంది. ఒక కొస తన పిడికిట్లో, ఇంకో కొస నేను ఆమె బొటనవేలి దగ్గర. వంగకుండా, ఊపిరి బిగపట్టకుండా, హాయిగా ఆనుకుని కూర్చుంది. సరిపడిన చోట చేతిగోటితో రేకు తుంచింది. చుట్ట చుట్టి, ఖాళీ బుట్టలో కడ్డీతో పాటు అరిటాకు కింద పెట్టింది.

"ఫిపే, మీ నాన్న బుట్ట కట్టుకోవడానికి తాడు అడిగాడుగా. ఇచ్చెయ్."

"నాన్న తాడేమీ అడగలేదే..."

"అడిగాడు!"

"అడిగాడండీ," అంది ఫిపే, బుట్ట ఎత్తుకుని.

శనివారం మధ్యాహ్నానికి బుట్ట తిరిగొచ్చింది, పైన సీమపనసకాయలతో. కడ్డీ పొడుగైంది. అతుకు ఎక్కడో వేలితో తడిమితే గానీ తెలియదు. మర్నాడు ఆదివారం, ఎవరూ ఏ పనీ ముట్టుకోరు. అందుకే ఆ పూటే ఫిపే గోరువెచ్చని నీళ్ళు పెట్టింది. పిన్ని చాలాసేపు పాదం నానబెట్టి, తుడిపించుకుని, కొబ్బరినూనె రాయించుకుంది. ఫిపే చెయ్యి పాదం మీద పడినా ఆమె ఏమీ అనలేదని నేను గమనించాను. కంచె అవతల మనాసె బాడిసె చప్పుడు వినిపిస్తోంది.

"కదిలావో, చూడు!" అని పిన్ని గోటిని బెదిరించి బ్రేకు నొక్కింది.

టక్.

కంచె అవతల బాడిసె ఆగిపోయింది.

పిన్ని తొందరపడలేదు. కొంచెం తీసి ఆగింది. ఇంకొంచెం. మూల దగ్గర పటకారు పెట్టకుండా ఆకురాయితో అరగదీసింది. నేను మనసులో కీర్తన పాడుకుంటున్నాను, ఏ కీర్తనో గుర్తు లేదు. రక్తం చుక్క రాలేదు. ఫిపే రాలిన ముక్కలు ఏరి ఆమె చేతిలో పోసింది. అరచేతి గుంట కూడా నిండలేదు.

"ఇంతేనా?" అంది పిన్ని. "ఇంతటి దానికా మా ఆయన కాలు పోయింది?" గొంతు పెరిగింది. "ఒక కడ్డీ, ఒక సైకిలు బ్రేకు! ఆయనకెవరూ చేయలేదేం? మందులిచ్చారు, కోశారు, మళ్ళీ కోశారు. వేలికి ముందు గోరుందని ఒక్కరూ చూడలేదేం? నేను చూడలేదేం?" మెట్టు మీద అరచేత్తో కొట్టింది. ముక్కలు చెదిరిపోయాయి. మళ్ళీ కొట్టింది. ఫిపే ఆమె మోకాలికి తల ఆనించి కూర్చుంది. నేను వెనక నిలబడి విసనకర్రతో విసిరాను. ఆమె అలిసిపోయేదాకా అవతల బాడిసె మోగలేదు. తర్వాత మెల్లగా మొదలైంది.

ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో భోజనాలు. మనాసె గుమ్మం మెట్ల మీద బెంచీలు సర్దుతున్నాడు. అక్క రావడం చూసి పక్కకి ఒదిగి, ఎప్పటిలాగే తల దించుకున్నాడు.

పిన్ని కాళ్ళకి బూట్లు లేవు. చెప్పులున్నాయి. సరిగ్గా ఆయన చూపు పడే చోట ఆగి, ఒక చెప్పు విడిచింది. గుడికి వచ్చేటప్పుడు మాలో మర్యాదకి నడుముకి చుట్టుకునే చాప సర్దుకుంది. రెండోది విడిచింది. తర్వాత ఆ రెండు చెప్పులనీ పాదంతో జరిపి వరసగా పెట్టింది. మళ్ళీ జరిపింది. అంత నిదానంగా చెప్పులు విడిచిన మనిషిని నేను చూడలేదు. మనాసె తలెత్తలేదు. తలెత్తకుండానే, చేతిలో బెంచీ దించడం మర్చిపోయి నిలబడ్డాడు.

లోపల్నించి ఎవరో అరిచారు: "లోసాలినూ! గుమ్మంలో ఎంతసేపమ్మా? దుంపలు చల్లారిపోతున్నాయి!"

"చల్లారనీ!" అంది పిన్ని, అక్కడినుంచి కదలకుండానే. "చేమదుంపలు తవ్వే గోళ్ళు ఇక లేవు, ఆకలైతే మీరే తవ్వుకోండి!"