‘చస్తున్నా’ అన్న మాటకు అర్థం

వంటింట్లో నీళ్ల ఫిల్టరు గుర్రుమంటే చదువుతున్న పేపరు పక్కన పెట్టేస్తాను. ఐసీయూలో నా భార్య సరోజిని మంచం పక్కన యంత్రం ఇలాగే మోగేది. నోటుబుక్కు తెరిస్తే ఆ వారం రాసుకున్నవి అలాగే ఉన్నాయి.

సోమవారం: స్పృహలేని మనిషి కేసు షీటులో ‘ఆత్మహత్యాయత్నం’ అని రాశారు. నన్నడగలేదు.
బుధవారం: అది తప్పన్న నర్సుకు మెమో ఇచ్చారు.
శనివారం: నా అర్జీ తీసుకున్నారు. అందినట్టు సంతకం పెట్టలేదు.

ఆ నర్సు సువార్తమ్మగారు. ఈ హిందీ ఊళ్లో ఆసుపత్రిలో పనిచేసే రేపల్లె దగ్గరి మనిషి. సరోజిని ఏళ్లుగా మూర్ఛకు మత్తుమాత్రలు వాడుతోంది. మందుల దుకాణంలో ఈసారి రెండింతల బలమున్న అట్టలిచ్చారు. ఆమె పాత లెక్కనే వేసుకుంటూ పోయింది. మందు ఒంట్లో పేరుకుంది. రక్తాన్ని బయటికి తీసి, బొగ్గు నింపిన గొట్టం గుండా పంపి, తిరిగి ఎక్కిస్తుంటే, ఇదేమిటని అడిగాను.

“ఇంట్లో నీళ్లు వడగట్టుకోవట్లా బాబాయిగారూ? ఇదీ అంతే. మందు బొగ్గుకి అంటుకుపోద్ది, రక్తం పిన్నిగారికి తిరిగొచ్చుద్ది” అన్నారామె.

పక్కింటి స్వాతికి తెలుగు అర్థమవుతుంది, బదులు హిందీలోనే. “తల తిరుగుడుతో చస్తున్నానే” అని స్పృహ తప్పిన రోజు ఉదయం సరోజిని ఆ పిల్లతో అన్నదట. డ్యూటీ డాక్టరు అడిగితే, “ఆంటీ మర్నే కీ బాత్ కర్ రహీ థీ” అని చెప్పింది, చచ్చిపోతానంటోందని. ఆయన రాసేశాడు.

సువార్తమ్మగారు హిందీలో అన్నది నేను తెలుగులో రాసుకున్నాను: “మావాళ్లు కూరలో ఉప్పెక్కువైనా చస్తున్నా అంటారు డాక్టర్ సాబ్. ఇట్టా రాసుకుంటా పోతే మా జిల్లాలో ఒక్కరూ మిగలరు.”

“సిస్టర్, ఆప్ అప్నా కామ్ కీజియే.” మీ పని మీరు చూసుకోండన్నాడు డాక్టరు.

“ఇదే నా పని సార్.” నర్సింగ్ నోట్సులో ‘చస్తున్నా’ అని తెలుగులో రాసి, పక్కన అర్థం రాశారు. మెమో అందుకే.

క్షమాపణ రాసిస్తే మెమో తీసేస్తారని విని, నిజమేనా అని ఆమెను అడిగాను.

“తీసేస్తారు. పిన్నిగారి కాగితం మీద ఆ మాట మాత్రం ఉండిపోద్ది. మీరూ ఊరుకోమాకండి, రాయండి. నోటితో అడిగితే నోటితోనే పంపించేస్తారు.”

సరోజిని కోలుకుంది. సువార్తమ్మగారు క్షమాపణ రాయలేదు. పోయిన చలికాలంలో కన్నుమూశారు, మెమో రద్దు కాకుండానే. ఉద్యోగమంతా ఇతరుల అర్జీల మీద సంతకాలు పెట్టిన నేను, అర్జీ పెట్టి నిలబడడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడే వంటింట్లోంచి కేక: “ఆ ఫిల్టరు కట్టేయండి, మోతతో చస్తున్నా.”

అన్నది అన్నట్టు రాసి నాలుగో అర్జీకి జతచేశాను. అర్జీలో అడిగింది ఇది: కేసు షీటులో ఆ మాట కొట్టివేశారా? సువార్తమ్మగారి మెమో ఉపసంహరించారా? లేనిచో ఏ కారణం చేత? ఆసుపత్రి యాజమాన్యం నాకు సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలెను. నోటిమాట స్వీకరించబడదు.