బంగాళాఖాతంలో నాచారం

2023 మే నెలాఖరు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రేకుల షెడ్డు కింద ఉంటుంది మా రిపేరు షాపు. ఆసుపత్రి మానిటర్లు, లిఫ్టు బోర్డులు, తూకం మిషన్లు, ఇలా ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్నదేదైనా పాడైతే మా బల్ల మీదికి వస్తుంది. నేను లాలాపేట్ నుంచి స్కూటీ మీద వచ్చి, పంతొమ్మిదేళ్లుగా అదే బల్ల ముందు కూర్చుని సోల్డరింగ్ చేస్తున్నాను. నా పేరు రూతు. నా చేతిలో బాగుపడని బోర్డు లేదని అప్పట్లో కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ రోజు ఒక నడివయసు మనిషి గుడ్డసంచి పట్టుకుని లోపలికి వచ్చాడు. ఎండకు, ఉప్పుగాలికి కాలి నల్లబడ్డ ముఖం. సంచిలోంచి రెండు మిషన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్తది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. రెండోది పాతది, మూలలన్నీ తుప్పు.

షాపు యజమాని యాదగిరన్న తొంగిచూశాడు. "గిదేందన్నా, టీవీయా?"

"కాదండి, బోటు జీపీఎస్. కాకినాడ నుంచి తెచ్చానండి," అన్నాడాయన. "ఉప్పల్లో మా బావమరిది ఉన్నాడండి. మీ దగ్గర మేడం ఉన్నారు, చచ్చిన బోర్డును లేపుతారు అన్నాడండి."

పొగిడితే మెత్తబడనివాళ్లు ఎవరుంటారు? నేను స్టూలు జరిపి కూర్చోమన్నాను.

ఆయన పేరు నూకరాజు. చేపల బోటుకు సరంగు, అంటే బోటు నడిపేవాడు. ఆయనకంటే ముందు ఆ బోటు నడిపింది వాళ్ల అన్నయ్య. ఎక్కడ ఏ చేప పడుతుంది, ఎక్కడ నీళ్ల అడుగున రాయి ఉంది, ఎక్కడ వల తగులుకుంటుంది, అన్నీ ఇరవై ఏళ్లపాటు ఆ పాత మిషన్లో దాచాడట. అలా దాచిన ఒక్కో చోటును వేపాయింట్ అంటారు. వాళ్ల భాషలో మార్కు. ఆ ఏడాది ఉగాది దాటాక అన్నయ్య గుండెపోటుతో పోయాడు. నెల తిరక్కుండా మిషన్ కూడా ఆగిపోయింది.

"కొత్తది కొన్నారు కదా, మల్ల గిదెందుకన్నా?" అని అడిగాను.

"కొత్తదానికి సముద్రం తెలీదు కదండీ," అన్నాడు.

సముద్రంలో వేటకు ఏటా రెండు నెలలు నిషేధం ఉంటుంది. అది జూన్ మధ్యలో ముగుస్తుంది. ఆ లోగా మార్కులు కొత్త మిషన్లోకి ఎక్కకపోతే, ఏడుగురు మనుషులు గుడ్డిగా వల వేయాలి. మార్కుల్లో సగమైనా తనకు నోటికి రావన్నాడు. చేప గుంపులుగా ఉండేది రాళ్ల పక్కనే. వల చిరిగేదీ అక్కడే.

మూత తీసి చూస్తే పవర్ సప్లై భాగాన్ని ఉప్పు తినేసింది. అది పెద్ద పని కాదు. భయమంతా రూపాయి బిళ్లంత బ్యాటరీ గురించి. మెమొరీని బతికించేది అదొక్కటే. అది పూర్తిగా దిగిపోతే ఇరవై ఏళ్ల మార్కులు ఒక్క క్షణంలో పోతాయి. అందుకే ముందు బయటి నుంచి సన్నటి తీగలతో కరెంటు అందించి, ఆ తర్వాతే పాత బ్యాటరీ తీశాను. కొత్తది అతికించేదాకా నూకరాజు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. నాకూ లోపల అదే పరిస్థితి. కానీ పొగరున్నవాళ్లు అది పైకి కనబడనివ్వరు.

మూడో రోజు స్క్రీన్ వెలిగింది. గీతలు గీతలుగా, మసకగా ఉంది. అయినా నూట పన్నెండు మార్కులూ ఉన్నాయి. నూకరాజు మిషన్ను కళ్లకద్దుకున్నాడు.

సమాచారం నేరుగా కొత్త మిషన్లోకి పంపే దారి లేదు. పాతదానికి తీగ తగిలించే పోర్టును కూడా ఉప్పు తినేసింది. ఒక్కో మార్కుకున్న అక్షాంశం, రేఖాంశం అంకెలు చూసి నోట్‌బుక్‌లో రాసుకుని, కొత్తదాంట్లో చేత్తో ఎక్కించాలి. రెండు రోజుల పని. నూకరాజు ఉప్పల్ నుంచి రోజూ పొద్దున్నే వచ్చి పక్కన కూర్చునేవాడు. ప్రతి మార్కుకూ వాళ్ల అన్నయ్య ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు పెట్టాడు. రాయి. వంజరం. పెద్దగొయ్యి. ఒకచోట 'నూక' అని కనిపించింది.

"గిది మీ పేరే గదా అన్నా? మంచి చేపలు పడ్తయా గీడ?"

ఆయన సిగ్గుగా నవ్వాడు. "కాదండి. పద్దెనిమిదేళ్లప్పుడు నేను వల చింపిన చోటండి. ఎవడు తప్పు చేస్తే ఆ చోటికి వాడి పేరు పెట్టేవాడు అన్నయ్య. మళ్లీ ఎవడూ చేయకూడదని. ఇంకో నలుగురి పేర్లు కూడా ఉన్నాయి, చూడండి."

నిజంగానే ఉన్నాయి. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ రెండు రోజుల్లో ఆయనంటే గౌరవం కలిగింది.

చివర్లో నూకరాజు నసుగుతూ అడిగాడు. "మేడం, అన్నయ్య ఒడ్డు గుర్తులు కూడా నేర్పాడండి. బోటు మీంచి చూస్తే కొండ కొనకి లైట్‌హౌసు తగిలినట్టు కనిపిస్తే రాయి దగ్గరున్నట్టు, అలాగన్నమాట. అవి కూడా రాసిపెట్టుకోమంటారా?"

నేను పెద్ద తెలిసినదానిలా చెప్పాను. "ఇగ గవన్నీ ఎందుకన్నా? మిషన్ అబద్ధం చెప్పదు. మీరు ఫికర్ చెయ్యకున్రి."

వేట మొదలైన రోజు పదకొండు గంటలప్పుడు ఫోన్ మోగింది. వెనక ఇంజను చప్పుడు.

"మేడం, పనిలో ఉన్నారా అండి? నూకరాజునండి. 'రాయి' మార్కు మీదే ఉన్నానని మిషన్ అంటోందండి. కొండకి లైట్‌హౌసు ఇంకా తగల్లేదండి."

"వల ఏసిండ్రా?" అని అడిగాను.

"లేదండి. ఒడ్డు చూడకుండా మొదటి వల వెయ్యొద్దనేవాడండి అన్నయ్య. ఇంతకు ముందు రెండు మార్కులు చూశానండి. అన్నీ నైరుతి మూలకే జరిగినట్టున్నాయి. నాదే పొరపాటేమోనండి. మీరొకసారి చూడండి, ఇక్కడే ఉంటాను."

తప్పు తనదేమో అన్నాడు. వల వేసి ఉంటే రాయి పక్కన కాక సరిగ్గా రాయి మీదికే లాగి ఉండేవాడు. రెండు నెలల పస్తుల తర్వాత వేసే మొదటి వల అది. నోట్‌బుక్ తెరిచాను.

వరసగా చూస్తూ పోతే రెండో పేజీలో దొరికింది. నూట పన్నెండు మార్కుల్లో ఎక్కడా చుక్క తర్వాతి అంకె అరవై దాటలేదు. నిజమైన దశాంశాలైతే డెబ్బైలు, తొంభైలు కూడా ఉండాలి కదా. పాత మిషన్ డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో చూపించేది. కొత్తది సెకన్లకు బదులు నిమిషంలో దశాంశాలు, చుక్క తర్వాత మూడు అంకెలు అడుగుతుంది. మసక స్క్రీన్ మీద సెకన్ల ముందున్న గుర్తు నాకు చుక్కలా కనిపించింది. మూడో అంకె కోసం చివర ఒక సున్నా నేనే తగిలించాను. గంటా ముప్పై నిమిషాలు అంటే గంటన్నర, 1.5 గంటలు. దాన్ని 1.3 గంటలు అని రాస్తే పన్నెండు నిమిషాలు మాయమవుతాయి. నేను చేసిందీ అదే. సముద్రం మీద అది మూడు నాలుగు వందల మీటర్లు. అక్షాంశం తగ్గితే దక్షిణానికి, రేఖాంశం తగ్గితే పడమరకి; రెండూ తగ్గాయి కాబట్టి ప్రతి మార్కూ నైరుతికి జరిగింది. మిషన్ అబద్ధం చెప్పదు, నిజమే. నేనే చెప్పించాను.

"అన్నా, తప్పు నాదే," అన్నాను.  'రాయి' లెక్క మళ్లీ కట్టి, కొత్త అంకెలు ఒక్కొక్కటే చదివాను. ఆయన తిరిగి చదివాడు. ఫోన్ పెట్టేయకుండానే బోటు కదిలింది. యాదగిరన్న నా వెనకే నిలబడి, చేతిలో చాయ్ చల్లారిపోతున్నా తాగకుండా వింటున్నాడు.

కాసేపటికి ఇంజను చప్పుడు తగ్గింది.

"ఆయ్, తగిలిందండి. కొండకి లైటు తగిలిందండి."

కుర్చీలో కూలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ సాయంత్రంలోగా మిగతా నూట పదకొండు మార్కులూ తిరిగి లెక్కగట్టి ఫోటోలు తీసి పంపాను.  యాదగిరన్న కొత్త చాయ్ తెప్పించి, "తాగు బిడ్డా. మనుషులం గదా, ఐతయ్," అన్నాడు.

నూకరాజు తిడతాడని వారం రోజులు ఎదురుచూశాను. తిట్టలేదు. ఆ తర్వాత ఒకరోజు కొత్త మిషన్ స్క్రీన్ ఫోటో పంపాడు. నీలం సముద్రం మధ్య ఒక కొత్త మార్కు. దాని పక్కన ఇంగ్లిష్‌లో 'నాచారం'.

యాదగిరన్న చూసి పకపకా నవ్వాడు. "సూసినవా, మన నాచారానికి సముద్రమొచ్చింది." నాకు మాత్రం ముఖం వేడెక్కింది. ఎవరు తప్పు చేస్తే వాళ్ల పేరు కదా మరి. ఫోన్ చేశాను.

"బోటు ఆపి మీకు ఫోన్ చేసిన చోటండి అది," అన్నాడు నూకరాజు. "అన్నయ్య ఉంటే మీ పేరే పెట్టేవాడండి. ఆడకూతురి పేరు ఎందుకులే అని ఊరి పేరు పెట్టాను. ఏమీ అనుకోకండి. మా బోటులో పేరు పడ్డాదంటే మీరు మా మనిషేనండి."

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. సర్టిఫికెట్లు కొన్ని ఉన్నాయి నా దగ్గర. వాటిలో ఏదీ నాకు ఇంత విలువైనదిగా తోచలేదు.

ఇప్పుడు ఏ మిషన్ వచ్చినా, బాగుచేశాక దాని యజమానికి స్వయంగా తెలిసిన ఒక్క సంగతితో సరిచూస్తాను. తూకం మిషన్ అయితే, "ఎప్పుడూ ఒక్క తీరు తూగేది మీ తాన ఏదన్న ఉందా? గది తెండ్రి," అంటాను. తమకు తెలిసింది కూడా చెప్పమంటారా అని ఎవరైనా నసిగితే, పని ఆపి వింటాను.

'నాచారం' దగ్గర చేపలేమీ పడవట. అయినా ప్రతి ఏడాదీ వేట మొదలైన రోజు నూకరాజు ముందు బోటును అక్కడికే తీసుకెళ్లి ఆపుతాడు. ఒకసారి కొండ వైపు చూసుకుని, ఆ తర్వాతే వల దించమంటాడు.