పది గొలుసుల పరుగు

పటాన్‌చెరులోని ఒక మందుల కర్మాగారంలో, నాణ్యతా పరీక్షల విభాగంలో నేను ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఎవరైనా ఒక అంకె చెబితే, దాన్ని దేనితో కొలిచారని అడగకుండా ఉండలేను. ఈ అలవాటు వల్ల నాకు స్నేహితులు తక్కువ. ఉన్న కొద్దిమందిలో మా ఇంటి యజమాని ఒకరు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. సంగారెడ్డి కోర్టులో భూమి కేసులు వాదించే వకీలు. కింద ఆయన కుటుంబం ఉంటుంది, పైన నేను కిరాయికి ఉంటున్నాను.

తెల్లవారగానే ఆయన నిక్కరు వేసుకుని కాలేజీ మైదానంలో ఉంటారు. పదిన్నరకు నల్లకోటు వేసుకుని కోర్టులో ఉంటారు. యౌవనంలో కబడ్డీ, వాలీబాల్, సైకిల్ పందెం, ఇనుపగుండు విసరడం, అన్నింటిలోనూ పేరు తెచ్చుకున్నానని చెబుతారు. తన నాడి నిమిషానికి యాభై రెండు సార్లే కొట్టుకుంటుందని ఒకసారి అన్నారు. చెయ్యి పట్టుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. యాభై ఆరు. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. వాలీబాల్ ఆడితే చాలు, ఉద్యోగమిస్తామని ఒక ఫ్యాక్టరీ పిలిచినా వెళ్లలేదన్నప్పుడు కూడా నేను నమ్మలేదు. ఆయన పెట్టె తెరిచి, పసుపు రంగుకు తిరిగిన ఆ పిలుపు ఉత్తరం నా చేతిలో పెట్టారు.

"జీతం తీసుకుని బంతి కొడితె అది డ్యూటీ అయితది తమ్మీ. ఇగ ఆట ఏడుంటది?"

అయితే ఇన్ని ఆటల్లోనూ ఆయన ప్రాణం ఒక్క అంకె మీదే ఉండేది. కాలేజీ చివరి సంవత్సరంలో నూరు మీటర్లు పదకొండు సెకన్ల నాలుగు పదోవంతుల్లో పరుగెత్తారు. గడియారం పట్టుకున్న వ్యాయామ ఉపాధ్యాయుడు సంతకం చేసిన కాగితం కూడా ఉంది. వకీళ్ల ఆటల పోటీలకు ఆయన పేరిట ఒక కప్పు పెట్టి, ఆ అంకెను కోర్టులోని వకీళ్ల గదిలో బోర్డు మీద రాయించాలని కుర్ర వకీళ్లు ఈ మధ్య నిశ్చయించారు.

"మా పైనింటి తమ్మి చూసి సరే అంటెనే రాయుండ్రి" అని ఆయనే వాళ్లకు చెప్పారు. నవ్వుతూనే చెప్పారు. కానీ ఆ రోజు నుంచి, నేను మెట్లు దిగిన ప్రతిసారీ నా ముఖం వైపు చూసేవారు.

పరుగు సమయానికి రుజువుగా కాగితం ఉంది. మరి దూరానికి? ఆ బాటను దేనితో కొలిచారని అడిగాను.

"గొలుసుతోని. పది గొలుసులు."

మా ప్రాంతంలో భూమి కొలిచే పాత గొలుసు పొడవు ముప్పై మూడు అడుగులు. దానికి పదహారు కడ్డీలుంటాయి. ఒక్కో కడ్డీని ఆణా అంటారు. నాలుగు వైపులా ఒక్కో గొలుసు చొప్పున ఉన్న చదరపు నేల ఒక గుంట. చేతికి అలవాటైన కొలత అదే కనుక, పది గొలుసులు నూరు మీటర్లనుకుని పరుగు బాటను కూడా దానితోనే గుర్తించారు. లెక్క వేసి చూస్తే నూరు మీటర్ల కంటే దాదాపు రెండు అడుగులు ఎక్కువే వచ్చింది.

"అంటె నేను ఎక్కువనే ఉరికిన!" ఆయన ముఖం వెలిగిపోయింది.

"గొలుసు సరిగ్గా ఉంటే" అన్నాను.

నాడు బాట కొలిచిన మనిషి రెండు గల్లీల అవతలే ఉంటారు. అప్పట్లో కొత్తగా భూమి కొలిచే కొలువులో చేరిన ముస్లిం పెద్దాయన, వకీలు గారికి పాత మిత్రుడు. ఆ గొలుసును ఆయన ఇప్పటికీ గోనెసంచిలో దాచుకున్నారు. ఆదివారం ఉదయం ముగ్గురం ఆయన వాకిట్లో దాన్ని బిగించి పరిచి, పక్కన నా ఉక్కు టేపు పెట్టాం. ముప్పై ఒక్క అడుగులు కూడా నిండలేదు. కడ్డీలు లెక్కపెడితే పదిహేను. మధ్యలో ఒకచోట, పోయిన కడ్డీకి అటూ ఇటూ ఉన్న కొసలను తీగతో కలిపి కట్టారు.

పది గొలుసులకు ఇరవై అడుగుల లోటు. ఆ రోజు కూడా గొలుసు ఇలాగే ఉండి ఉంటే, వకీలు గారు పరుగెత్తింది తొంభై నాలుగు మీటర్లే. నూరు మీటర్లకు పన్నెండు సెకన్లు దాటేది. మంచి పరుగే, కానీ బోర్డుకెక్కించి చెప్పుకునేది కాదు.

వకీలు గారు అరుగు మీద కూర్చున్నారు. కాసేపటికి లేచి, కోర్టులో సాక్షిని అడిగినట్టు మొదలుపెట్టారు.

"ఈ తీగ ఎప్పుడు కట్టినవ్?"

"అరె వకీల్ సాబ్, యాభై ఏండ్ల కిందటి ముచ్చట. యాద్ ఎట్లుంటది?"

"నా పందెం ముంగటనా, ఎనకనా?"

"కోర్టు అనుకున్నవా ఇది? జెర చాయ్ తాగు."

"చాయ్ తర్వాత. ఆ దినం మైదానానికి ఆఫీసు గొలుసు తెచ్చినవా, ఇదా?"

"సర్కారు గొలుసు ఆటకిస్తె నా నౌకరీ ఉంటదా? ఇదే తెచ్చిన. పాతగయిందని పక్కకు పెట్టిన్రు."

"అంటె అప్పటికే ఆణా పోయిందా?"

"ఇది నాలుగైదు సార్లు తెగింది సాబ్. ఆణా ఎప్పుడు పోయిందో ఖుదాకే ఎరుక. నీకు పది గొలుసులు పరిచిన, గది మాత్రం పక్కా."

వకీలు గారు నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు తమ్మీ. రాయొచ్చునా?"

"తేలదు సార్" అన్నాను. అంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు.

"అనుమానముంటె ముద్దాయిని ఇడిచిపెడతరు. నేను ముద్దాయిని కాదు గద, దావా ఏసినోణ్ణి. రుజువు నా మీదనే ఉంటది." అక్కడి నుంచే కుర్ర వకీళ్లకు ఫోన్ చేసి, అంకె రాయవద్దన్నారు.

మరునాడు ఆయన మైదానానికి వెళ్లలేదు. ఆ తర్వాతి రోజు కూడా వెళ్లలేదు. మూడో రోజు నేను కిందికి దిగి, మా పరీక్షల విభాగంలో పాటించే ఒక పద్ధతి చెప్పాను. ఒక పరికరం మీద సందేహం కలిగితే, దానితో చదివిన అంకెను మేము చెరిపేయం. ఏ పరికరంతో చదివామో పక్కన రాసి ఉంచుతాం. నూరు మీటర్లని రాస్తే అది రుజువు కాని మాట. పది గొలుసులని రాస్తే, అందులో కాదనడానికి ఏమీ లేదు. గొలుసు పరిచిన సాక్షి కూడా ఉన్నారు.

ఆ సాయంత్రం నా మాట ఆయనే కుర్ర వకీళ్లకు చెప్పారు.

"సార్, పరుగు పందెం బోర్డు మీద గొలుసులేంది? భూమి పహాణీ అనుకుంటరు" అని ఒకతను నవ్వాడు.

"సంగారెడ్డి కోర్టుల ఉండి గొలుసంటె తెల్వనోనివి, నువ్వెట్ల వకీలువైనవ్‌రా? రాయమను."

రాశారు. పది గొలుసులు, పదకొండు సెకన్ల నాలుగు పదోవంతులు. బోర్డు పెట్టిన రోజు పాత మిత్రుడు కూడా వచ్చారు. దాని ముందు చాలాసేపు నిలబడి, చివరికి వకీలు గారి భుజం మీద చెయ్యి వేశారు.

"గొలుసు సంగతి నాకు యాద్ లేదు గని సాబ్, ఆఖరి గీత కాడ నిలబడ్డది నేనే. నువ్వు ఉరికొస్తుంటె దుమ్ము గూడ లేవలే. నీ కాలు భూమికి తాకుతున్నదా లేదా అని సూసిన."

వకీలు గారు తల అడ్డంగా ఊపారు.

"ముందటి దినం వాన పడ్డది భాయ్. దుమ్మెట్ల లేస్తది?"