పచ్చగడ్డి కింద బావి

మొన్న ఆదివారం, ఒకప్పుడు నా దగ్గర ఆరో తరగతి చదువుకున్న శిష్యుడొకాయన, ఇప్పుడు తల సగం నెరిసినాయన, బద్వేలులో మా ఇంటికి వచ్చి, కడపలో పాత ఇల్లొకటి కొన్నాననీ, బాగుచేయించి అద్దెకిచ్చే ఉద్దేశమనీ చెప్పి, ఫోనులో ఒక బొమ్మ చూపించి, ముందర ఇట్లా లాను వేయించమంటారా టీచరమ్మా అని అడిగినాడు. ఆ పచ్చదనం చూసి ఫోను ఆయన చేతికే తిరిగి ఇచ్చేసినాను. వద్దు నాయనా అని మాత్రం అన్నాను. ఎందుకు వద్దో ఆయనకు చెప్పలేకపోయినాను గానీ, నా ఈడువాళ్ళైన మీకు చెప్పుకుంటే నా బాధ అర్థమవుతుంది.

నేను బడి నుంచి రిటైరైన ఏడాదే మా తమ్ముడు నన్ను తన వ్యాపారంలోకి రమ్మన్నాడు. కడపలో పాత ఇండ్లు కొని, బాగుచేయించి అమ్మడం వాని పని. నాకంటే పదేండ్లు చిన్నవాడు, మా అమ్మ ఎప్పుడూ మంచంలో ఉండడం వల్ల నేనే చంకనేసుకుని పెంచినవాడు, వాడు పిలిస్తే ఎందుకని కూడా నేను అడగలేదు. కాగితాల పని వాడు చూసుకునేవాడు. ఇంట్లో ఏది ఉంచాలి, ఏది తీయాలి, ముందర ఏ చెట్టు నాటాలి అనేది నా వంతు. పాత కడప బండలు పీకి టైల్సు వేద్దామని మేస్త్రీ అంటే, వద్దు, వాటికే పాలిష్ పట్టించు అనేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద ఒళ్ళు వాల్చినవాళ్ళకు తెలుస్తుంది వాటి సుఖం. ఖర్చు పెట్టేదుంటే ముందు వంటింటికి, స్నానాల గదికి పెట్టమనేదాన్ని, ఇల్లు చూడవచ్చిన ఆడవాళ్ళు నేరుగా పోయేది అక్కడికే గనక. గోడ వెంబడి గన్నేరు, నందివర్ధనం, గిన్నెలు కడిగిన నీళ్ళు పారేచోట అరటి, కరివేపాకు. నీళ్ళు కరువైన మన సీమలో అంతకంటే వేరే తోట ఎవరికి కావాలి? మూడిండ్లు అట్లా చేసినాము, మూడూ తొందరగానే అమ్ముడుపోయినాయి, నాకేమో మళ్ళీ కొత్తగా ఉద్యోగంలో చేరినంత హుషారు.

నాలుగోది ఒక నర్సమ్మ ఇల్లు. సర్కారు ఆస్పత్రిలో ఎన్ని వందల కాన్పులు చేసిందో ఆమెకే లెక్క తెలియదు. పెండ్లి చేసుకోలేదు, ఆదివారం చర్చికి, మిగతా దినాలు పెరటికి. ఆ పెరట్లో ఒక బావి ఉండేది. ఆ వీధిలో ఎవరు బోరు వేసినా ఉప్పునీళ్ళే, ఈ ఒక్క బావిలో మాత్రం తియ్యటి నీళ్ళు, అందుకని ఎండాకాలం వచ్చిందంటే వీధిలోని ఆడవాళ్ళందరూ బిందెలతో అక్కడికే వచ్చేవాళ్ళు, ఆమె గేటుకు ఎన్నడూ తాళం వేసి ఎరుగదు. కొంటామని వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆమె అడిగింది ఒకటే, బావిని ఏంచేస్తారని. ఎన్నటికీ పూడ్చబోమనీ, కొనేవాళ్ళకు కూడా ఆ సంగతి చెప్పే అమ్ముతామనీ నేను ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పినాను.

"నీ మొగం చూసి ఇస్తాండా పాపా. ఆయప్పను చూసి కాదు," అన్నది నర్సమ్మ, మా తమ్ముని వైపు గడ్డం ఎత్తి.

మా తమ్ముడు నవ్వినాడు. "మా అక్క మాటే నా మాటమ్మా," అన్నాడు.

బావికి గట్టు పెంచి, పైన ఇనుప జాలీ వేయించి, వీధిలోవాళ్ళు లోపలికి రాకుండానే నీళ్ళు తోడుకునేటట్టు పక్కగోడకు చిన్న గేటు పెట్టించాలని కాగితం మీద బొమ్మ కూడా గీసిచ్చినాను. పనులు మొదలయ్యే ముందర మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. కర్నూలులో ఉన్న నా కూతురు వచ్చి తీసుకుపోయింది, రెండు నెలలు మంచం దిగలేదు. మా తమ్ముడు మాత్రం సాయంత్రమైతే తప్పకుండా ఫోన్ చేసేవాడు. నీవు చెప్పినట్టే జరుగుతాండాదక్కా అనేవాడు. ఒక దినమైతే, దానిమ్మ మొక్క తెప్పించినాను, బాయికి ఎంత దూరంలో నాటమంటావు అని అడిగినాడు. వేర్లు గట్టును చీలుస్తాయి, ఆరు బారలన్నా ఎడం పెట్టు అని, మంచంలో పడుకునే, ఎంత సంబరంగా చెప్పినానో.

కర్ర పట్టుకుని నడవగలిగిన మొదటి వారమే, వానికి చెప్పకుండా కడపకు పోయినాను, సంతోషపెడదామని. ఆటో దిగి పెరట్లోకి పోయి చూసి, ఇల్లు తప్పినానేమో అనుకున్నాను. పెరడంతా పచ్చటి తివాచీ పరిచినట్టు గడ్డి. మేస్త్రీ నన్ను చూసి తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేసి నిలబడినాడు.

"మీరు కర్నూలుకు పోయిన నాలుగో దినమే పూడ్చినామమ్మా. పాత వంటింటి గోడ మట్టంతా దాంట్లోనే పోస్తిమి. మీకు తెలుసనుకుంటిమి," అన్నాడు.

తమ్ముడు నన్ను దానిమ్మ సంగతి అడిగింది, బావి పూడ్చిన తరువాత నెలకు.

మేస్త్రీ ఫోన్ చేస్తే తమ్ముడు వచ్చినాడు. బావి ఉంటే పిల్లోళ్ళున్నవాళ్ళు భయపడతారనీ, వీధి జనం వచ్చిపోయే ఇల్లు ఎవరూ కొనరనీ, లాను చూసే ఒకాయన అడిగిన ధరకు ఒప్పుకుని అగ్రిమెంటు రాసుకున్నాడనీ వరుసగా చెప్పినాడు. అవన్నీ నాతో ముందే చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని, ఓడిపోయినా ఓడిపోయేదాన్ని. మరి దినాము ఫోనులో ఆ మాటలెందుకు చెప్పినావురా అని అడిగినాను.

"చెప్తే నీవు ఒప్పుకోవు గదక్కా," అన్నాడు. మళ్ళీ తనే, "ఆయమ్మకు మాట ఇచ్చింది నీవు. నేను కాదు," అన్నాడు.

అక్కడినుంచి నేరుగా, రెండు వీధుల అవతల చెల్లెలి కూతురి ఇంట్లో ఉంటున్న నర్సమ్మ దగ్గరికి పోయినాను. ఆమెకు అప్పటికే తెలుసు. కుర్చీ వేసి, నా కాలు తడిమి చూసి, ఎముక బాగానే అతికిందని చెప్పింది. తరువాత అడిగింది, "నీకు ముందే తెలుసునా పాపా?" అని. తెలియదమ్మా అన్నాను. ఆమె సరే అన్నది. నమ్మి అన్నదో, నన్ను బాధపెట్టడం ఇష్టం లేక అన్నదో, ఆమె చనిపోయేదాకా నేను అడగలేకపోయినాను.

వ్యాపారం నుంచి తప్పుకున్నాను. ఆ గడ్డి మొదటి ఎండాకాలానికే మాడిపోయింది, కొన్నాయన దాన్ని పీకేసి సిమెంటు ఇటుకలు పరిపించినాడు. ఆ వీధి ఆడవాళ్ళు ట్యాంకరు కోసం వరుసలో నిలబడతారు. వాళ్ళలో ఒకామె నన్ను కడప బజారులో చూసి మొగం తిప్పుకున్నది. ఆమెను పిలిచి, నేను కాదమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మేము మాట్లాడుకోవడం మానలేదు. ఒక తల్లి పిల్లలం, ఎట్లా మానుతాము? పండగకు వస్తాడు, నా చేతి వంట తింటాడు, పొద్దుపోయేదాకా కబుర్లు చెప్తాడు. కానీ ఒకప్పుడు వాడు పగలును రాత్రి అంటే, దీపం వెలిగించేదాన్ని నేను. ఇప్పుడు, కడపలో వానొస్తాండాదక్కా అని వాడు ఫోనులో చెప్తే, అవునా నాయనా అని ఫోన్ పెట్టేసి, కడపలో ఉన్న ఇంకెవరికైనా చేసి అడుగుతాను, అక్కడ వాన పడుతోందా అని.